ఎంతవరకు మన్నించాలి? – ఒక కొలత చరిత్ర

మా వంటింట్లో ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంది. దాని మూతను ఒక మూల నొక్కితే ఎదుటి మూల పైకి లేస్తుంది. ఆ మూల నొక్కితే ఈ మూల లేస్తుంది. నాలుగు మూలలనూ ఒకేసారి అదిమితే మాత్రం టక్కున కూర్చుంటుంది; ఆ తరువాత డబ్బాను తలకిందులు చేసినా ఊడిరాదు. బల్ల మీద పెట్టి చూస్తే మూత వంకర. డబ్బాకు పెట్టి చూస్తే సరైనది. మరి ఈ మూత మంచిదా, చెడ్డదా? మీ ఇళ్లలోనూ ఇటువంటి మూత ఒకటి ఉండే ఉంటుంది.

ప్రశ్న చిన్నదే. కాని దీనికి కాగితం మీద నిలిచే సమాధానం చెప్పడానికి ఇంజనీర్లకు సుమారు ఎనభై ఏళ్లు పట్టింది. ఆ ఎనభై ఏళ్ల చరిత్రను నాకు తెలిసినంతలో చెప్పాలని ఈ టపా. ఈ చరిత్ర నేను పరీక్షల కోసం చదివింది కాదు. ఒక తప్పు చేసి, ఆ తప్పు ఎక్కడ జరిగిందో వెతుక్కుంటూ వెళ్లి చదివింది. అందుచేత ముందు ఒక మాట సంగతి, తరువాత ఆ తప్పు సంగతి, ఆపైన చరిత్ర.

మాట ఏమిటంటే, టాలరెన్స్. ఏ వస్తువునూ గీసిన కొలతకు అచ్చంగా చేయలేం. కొంత తేడా వస్తుంది. ఎంత తేడా వరకు ఒప్పుకుంటామో డ్రాయింగులో రాస్తాం. దాని పేరే టాలరెన్స్. దీన్ని తెలుగులో 'సహనం' అంటే మనిషి గుణం గుర్తుకొస్తుంది గాని కొలత గుర్తుకు రాదు. 'వెసులుబాటు' దగ్గరి మాటే. అయితే రెండు భాగాల నడుమ వదిలే ఖాళీకి అది ఎక్కువ నప్పుతుంది. నేను కొంతకాలంగా 'మన్నింపు' అని వాడుతున్నాను. ఎందుకు ఆ మాటే ఎంచుకున్నానో చివరికి మీకే తెలుస్తుంది.

ఇక తప్పు. ఉద్యోగం తొలినాళ్లలో హైదరాబాదులో ఒక చిన్న పరిశ్రమలో డ్రాయింగులు గీసేవాణ్ణి. ఒక విద్యుత్ పరికరానికి ఏబీఎస్ ప్లాస్టిక్‌తో పైమూత కావలసి వచ్చింది. నాలుగు మూలలా మరలు బిగించడానికి నాలుగు రంధ్రాలు. ప్రతి రంధ్రం కేంద్రం ఎడమ అంచు నుంచి ఇంత, కింది అంచు నుంచి ఇంత అని గీసి, ప్రతి కొలతకూ ±0.1 మిల్లీమీటరు మన్నింపు రాశాను. ఆ 0.1 ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే నా దగ్గర జవాబు లేదు. అంతకు ముందటి డ్రాయింగులో అంతే ఉంది, నేనూ అంతే రాశాను.

మూతలు పోసి ఇచ్చే ఆయన వయసులో నాకంటే చాలా పెద్ద. నాలుగు యంత్రాల రేకుల షెడ్డు ఆయనది. మొదటి విడత సరుకు మే నెలలో వచ్చింది. కొలిచి చూస్తే కుడివైపు రెండు రంధ్రాలూ ఎడమ అంచు నుంచి 120.00 ఉండవలసినవి 120.13 ఉన్నాయి. కింది అంచు నుంచి కొలతలు అచ్చుగుద్దినట్టు సరిపోయాయి. సరుకు తిప్పికొట్టాను. ఆయన మర్నాడు వచ్చి, మా పరికరం అడుగుభాగం ఒకటి తెప్పించుకుని, తిరస్కరించిన మూతల్లో ఒకదాన్ని నా ఎదుటే నాలుగు మరలతో బిగించి చూపించాడు.

"పట్టింది కదా సార్" అన్నాడు.

"డ్రాయింగులో పట్టలేదు" అన్నాను.

అప్పట్లో ఆ జవాబు నాకు గడుసుగా కూడా తోచింది.

రెండో విడత వచ్చింది. మూతను సర్ఫేస్ ప్లేటు మీద అరచేత్తో అదిమిపట్టి కొలిచాం. కొలతలన్నీ సరిపోయాయి. సరుకు తీసుకున్నాం. తీరా బిగించేచోట నాలుగు మరలూ ఎక్కాయి గాని పొడవాటి అంచు నడుమ విల్లులా లేచింది. ఆ సందులోంచి పోస్టుకార్డు దూరుతోంది. దుమ్ము పోకూడని పరికరం అది. మళ్లీ ఆయన్నే పిలిపించాం. "మీరు అడిగిన కొలతలన్నీ ఇచ్చాను సార్. చదునుగా ఉండాలని మీరెక్కడ రాశారు?" అని అడిగాడు. నేను డ్రాయింగు తిరగేశాను. ఎక్కడా లేదు. అయినా రెండు విడతల నష్టమూ ఆయన మీదే పడింది. కొనేవాడి మాటే చెల్లింది.

పనికొచ్చే మూతలను నేను తిప్పికొట్టాను; పనికిరాని మూతలను ఒప్పుకున్నాను. రెండుసార్లూ డ్రాయింగు ప్రకారమే నడుచుకున్నాను. ఇది ఎలా సాధ్యం? ఈ ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళితే దారి మనల్ని రెండు వందల ఏళ్ల వెనక్కి తీసుకుపోతుంది.

ఒకప్పుడు ఈ బాధే లేదు. కంచరి చేసిన మరచెంబు మూత ఆ చెంబుకే పడుతుంది. పక్క చెంబుకు పట్టాలని ఎవరూ అడగలేదు. వడ్రంగి తలుపును ఆ ద్వారబంధానికే చిత్రిక పట్టి దింపుతాడు. ఒకదాన్ని చూసి మరొకదాన్ని చేసేటప్పుడు కొలత అక్కర్లేదు, చేయి చాలు. ఏ మూతైనా ఏ చెంబుకైనా పట్టాలి అన్నప్పుడే కొలత కావాలి, మన్నింపు కావాలి.

ఆ కోరిక మొదట సైన్యాలకు పుట్టింది. యుద్ధరంగంలో తుపాకీ భాగం విరిగితే మరో తుపాకీ భాగం తీసి పెట్టుకోగలగాలి. ఫ్రాన్సులో హొనొరే బ్లాఁ అనే తుపాకుల నిపుణుడు ఇది సాధించి చూపాడు. అప్పట్లో పారిస్‌లో అమెరికా రాయబారిగా ఉన్న థామస్ జెఫర్సన్ 1785లో ఆయన కర్మశాలకు వెళ్లి, యాభై తుపాకుల యంత్రభాగాలు విడివిడిగా పేర్చి ఉంచగా, చేతికొచ్చిన ముక్కలు తీసి కొన్నింటిని స్వయంగా అమర్చి చూశాడు. అన్నీ అమరాయని తన దేశానికి ఉత్తరం రాశాడు. అమెరికాలో 1820ల్లో హార్పర్స్ ఫెర్రీ ఆయుధశాలలో జాన్ హాల్ ఈ పద్ధతిని యంత్రాలతో, గేజీలతో నిలబెట్టాడు. గేజీ అంటే అంకెలు చెప్పే పనిముట్టు కాదు. పడుతుందా, పట్టదా అని మాత్రమే చెప్పే నమూనా.

1905లో ఇంగ్లండులోని లెస్టర్ నగరంలో కెమెరా కటకాలు తయారుచేసే విలియం టేలర్ ఈ గేజీల గురించి ఒక పేటెంటు తీసుకున్నాడు. దాని సారాంశం ఇది: వస్తువు లోపలికి పోతుందా అని చూసే గేజీ ఆ వస్తువు పూర్తి ఆకారాన్ని ఒకేసారి పరీక్షించాలి, మరీ చిన్నదైపోయిందా అని చూసే గేజీ ఒక్కో కొలతనూ విడిగా పరీక్షించాలి. ఒక ఇనుప కడ్డీ ఉందనుకోండి. ఎక్కడ కొలిచినా దాని వ్యాసం సరిగ్గానే ఉంది. కాని కడ్డీ కాస్త వంగి ఉంది. గొట్టంలోకి పోదు. కొలతలన్నీ సరే, ఆకారమే సరికాదు. నా రెండో విడత మూతల జబ్బు ఇదే. నేను పుట్టడానికి ఎన్నో దశాబ్దాల ముందే దాన్ని కనిపెట్టి, మందు కూడా రాసిపెట్టారు.

ఇక మొదటి విడత జబ్బు. దాన్ని కనిపెట్టినవాడు స్టాన్లీ పార్కర్. స్కాట్లండులో అలెగ్జాండ్రియా అనే చిన్న పట్టణం ఉంది. అక్కడ ఆర్గైల్ మోటారు కార్ల కోసం 1906లో రాజప్రాసాదం వంటి కర్మాగారం తెరిచారు. కార్ల కంపెనీ ఎన్నాళ్లో నిలవలేదు. తరువాతి కాలంలో ఆ భవనంలోనే బ్రిటిష్ నౌకాదళం టార్పెడోలు తయారుచేయించింది. పార్కర్ ఆ టార్పెడో కర్మాగారంలో ఇంజనీరు. తనిఖీలో తిరస్కరించిన భాగాలు బిగించి చూస్తే చక్కగా పట్టడం ఆయన గమనించాడు. 1938 నాటి ఈ ఆలోచనతోనే మన కథ అసలు మలుపు తిరుగుతుంది.

పార్కర్ వాదన నా మూతతోనే చెబుతాను. రంధ్రం కేంద్రం అడ్డంగా ±0.1, నిలువుగా ±0.1 కదలవచ్చు అన్నాను. అంటే ఆ కేంద్రం 0.2 మిల్లీమీటర్ల భుజం గల చతురస్రంలో ఎక్కడైనా ఉండవచ్చు. చతురస్రం మూలలో ఉంటే అసలు స్థానం నుంచి దూరం ఎంత? 0.141. దాన్ని నేను ఒప్పుకుంటాను. అదే అడ్డంగా మాత్రమే 0.13 జరిగి, నిలువుగా ఏమీ జరగకపోతే? దూరం 0.13 మాత్రమే. అయినా తిరస్కరిస్తాను. ఎక్కువ దూరం జరిగినవాణ్ణి మన్నించి, తక్కువ దూరం జరిగినవాణ్ణి శిక్షించాను. మరకు దిక్కులతో పని లేదు. తన రంధ్రం ఎంత దూరం జరిగిందన్నదే దానికి కావాలి. కాబట్టి మన్నింపు హద్దు చతురస్రం కాదు, వృత్తం కావాలి అన్నాడు పార్కర్. ఆ చతురస్రం మూలలను తాకుతూ గీసిన వృత్తం వ్యాసం 0.28. దాని వైశాల్యం చతురస్రం వైశాల్యం కంటే 57 శాతం ఎక్కువ. పనితనం ఏమాత్రం తగ్గకుండా, చేసేవాడికి అంత చోటు ఉత్తపుణ్యానికే దొరుకుతుంది.

దీనికి తోడుగా మరో సూత్రం ఎదిగింది. రంధ్రం కాస్త పెద్దదైతే అది కాస్త ఎక్కువ జరిగినా మర పడుతుంది. కనుక రంధ్రం అనుమతించిన అతి చిన్న పరిమాణంలో ఉన్నప్పుడు ఇచ్చే స్థాన మన్నింపుకు, రంధ్రం ఎంత పెద్దదైతే అంత మన్నింపు కలపవచ్చు. డ్రాయింగుల్లో వలయంలో ఎమ్ అక్షరం కనిపిస్తే అర్థం అదే.

పార్కర్ తన ఆలోచనలను 1940లో పుస్తకంగా వెలువరించాడు. అదే ఏడు అమెరికాలో షెవ్రొలే సంస్థ తన డ్రాఫ్ట్స్‌మన్ల కోసం వేసిన కరదీపికలోనూ స్థాన మన్నింపు ప్రస్తావన ఉంది. అది ప్రపంచయుద్ధ కాలం. ఒక భాగం ఒక ఊళ్లో, దాని జోడు మరో ఊళ్లో తయారయ్యే రోజులు. గీసినవాడి మనసులో ఏముందో చేసేవాడు ఊహించుకునే వీలు లేదు. యుద్ధం ముగిశాక 1949లో అమెరికా సైన్యం ఎమ్ఐఎల్ ఎస్‌టీడీ 8 అనే ప్రమాణాన్ని, 1957లో అమెరికా ప్రమాణాల సంఘం వై 14.5 అనే ప్రమాణాన్ని వెలువరించాయి. వై 14.5 తరువాత 1966, 1973, 1982, 1994, 2009, 2018 కూర్పులుగా పెరుగుతూ వచ్చింది. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1969లో 1101 సంఖ్య గల సిఫారసుతో ఈ దారిలోకి వచ్చింది. మన దేశంలో ఐఎస్ 8000 వరుస ప్రమాణాలు ఇవే విషయాలు చెబుతాయి; కళాశాలల కోసం 1988లో వెలువడిన ఎస్‌పీ 46 సంపుటంలోనూ ఇవి ఉన్నాయి. మొత్తం మీద ఈ విద్యకు జీడీ అండ్ టీ అని పేరు స్థిరపడింది. నిజం చెప్పాలంటే నా చదువులో ఇది ఒక పీరియడ్ లో అయిపోయింది.

ఈ విద్యకు గుండెకాయ వంటిది డేటమ్. మాట కొత్తది గాని సంగతి మన వడ్రంగికి ఎప్పుడో తెలుసు. చెక్కను చేతికి తీసుకున్నాక అతను మొదట ఒక ముఖాన్ని, ఒక అంచును చిత్రిక పట్టి, మూలమట్టం పెట్టి చూసుకుని, పెన్సిలుతో గుర్తు వేసుకుంటాడు. ఆపైన ప్రతి కొలతా ఆ అంచు నుంచే. డేటమ్ అంటే ఆ గుర్తు వేసిన అంచు. ప్రమాణాల్లో దాన్ని ఇంకొంచెం కచ్చితంగా చెబుతారు: వస్తువును మొదటి తలం మీద మూడు బిందువుల దగ్గర, రెండో తలానికి రెండు బిందువుల దగ్గర, మూడో తలానికి ఒక బిందువు దగ్గర ఆనించు. ఇక అది ఎటూ కదలదు. ఆ తరువాత కొలువు.

ఇందులో ఎవరూ పైకి చెప్పని షరతు ఒకటుంది. వస్తువు గట్టిది కావాలి. ఆరు బిందువుల దగ్గర ఆనించినంత మాత్రాన ఆకారం మారనిది కావాలి. పార్కర్ ఎదుట ఉన్నవి టార్పెడో లోహభాగాలు. లోహానికి ఆ షరతు చాలావరకు చెల్లుతుంది. మరి ప్లాస్టిక్‌కు?

ప్లాస్టిక్‌ను పోతపోసే విద్య కూడా పాతదే. జాన్ వెస్లీ హయట్ అనే అమెరికన్ 1870లో సెల్యులాయిడ్‌కు, 1872లో తన సోదరుడితో కలిసి దాన్ని అచ్చులోకి నెట్టే యంత్రానికి పేటెంట్లు తీసుకున్నాడు. 1907లో బేకలండ్ బేకలైట్ కనిపెట్టాడు. 1946లో జేమ్స్ వాట్సన్ హెండ్రీ మరతో నెట్టే ఇంజెక్షన్ యంత్రం చేశాక ఈ పరిశ్రమ ఇంటింటికీ చేరింది. అయితే డ్రాయింగులు మాత్రం లోహపు అలవాట్లతోనే సాగాయి. ప్లాస్టిక్ మూత గీసినా, ఇనుప మూత గీసినట్టే గీశాం. నేనూ అదే చేశాను.

ప్లాస్టిక్ చేసే చిత్రాలు చూడండి. కరిగిన ప్లాస్టిక్ అచ్చులో చల్లారుతూ కుంచించుకుపోతుంది. ఏబీఎస్ సుమారు 0.4 నుంచి 0.7 శాతం, పాలీప్రొపిలీన్ 1 నుంచి 2.5 శాతం. అందుకే అచ్చును ఆ మేరకు పెద్దగా కోస్తారు. 200 మిల్లీమీటర్ల ఏబీఎస్ మూతకు ఈ కుంచింపు 0.8 కావచ్చు, 1.4 కావచ్చు. ఎంతన్నది రకాన్ని బట్టి, గోడ మందాన్ని బట్టి, అచ్చు వేడిని బట్టి, నింపాక ఎంత ఒత్తిడి ఎంతసేపు పట్టి ఉంచారన్నదాన్ని బట్టి మారుతుంది. మందమైన చోట నెమ్మదిగా చల్లారి ఎక్కువ కుంచించుకుంటుంది, పలుచని చోట తక్కువ. ఒకే వస్తువులో ఈ రెండూ పోట్లాడుకుంటే వస్తువు వంకరపోతుంది. గాజుపీచు కలిపిన ప్లాస్టిక్ అయితే ప్రవాహం వెంట ఒక తీరుగా, అడ్డంగా మరో తీరుగా కుంచించుకుంటుంది.

ఇప్పుడు నా రెండో విడత కథ మళ్లీ చూడండి. 120.13 ను 120.00 చేయమన్నాను. గట్టిపరచిన ఉక్కు అచ్చును మళ్లీ కోయించడం ఆ పెద్దాయన తాహతుకు మించిన ఖర్చు. ఆయన చేతిలో ఉన్నది యంత్రం మీద మీటలే. పట్టి ఉంచే ఒత్తిడి తగ్గించి, మూతను పూర్తిగా చల్లారకముందే బయటికి తీస్తే ఎక్కువ కుంచించుకుని కొలత తగ్గుతుంది. తగ్గింది. దానితోపాటే మూత వంకరపోయింది. అంటే రెండో విడత వంకర నా మొదటి తిరస్కారం ఫలితమే. మంచి మూతలను చెడగొట్టించినవాణ్ణి నేనే.

ఇంకా ఉంది. ప్రపంచమంతటా కొలతలు 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర చెల్లుతాయని 1931లో అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. మా తనిఖీ గదిలో ఫ్యాను తప్ప మరేమీ లేదు. మే నెల మధ్యాహ్నం. గది వేడి 38 డిగ్రీలు అనుకుందాం. 18 డిగ్రీల తేడాకు 120 మిల్లీమీటర్ల ఏబీఎస్ సుమారు 0.17 పెరుగుతుంది. అదే పొడవున ఉక్కు 0.03 లోపే పెరుగుతుంది. మా వెర్నియర్ ఉక్కుది. రెండింటి తేడా దాదాపు 0.15. నేను తిప్పికొట్టిన తేడా 0.13. ఈ లెక్క మొదటిసారి వేసుకున్న రోజు చాలాసేపు ఆ కాగితం ముందే కూర్చున్నాను. ఆయన తప్పని నేను ఎర్రసిరాతో గుర్తుపెట్టినది మొత్తంగా హైదరాబాదు ఎండే అయి ఉండవచ్చు.

మరో సంగతి వాలు. అచ్చులోంచి వస్తువు జారి బయటికి రావాలంటే నిలువు గోడలకు కొంచెం వాలు ఇవ్వాలి. 25 మిల్లీమీటర్ల ఎత్తు గోడకు ఒక డిగ్రీ వాలు ఇస్తే, గోడ మొదలుకూ చివరకూ 0.44 తేడా వస్తుంది. నేను 'ఎడమ అంచు నుంచి 120 ± 0.1' అని రాశాను. ఏ ఎత్తులో అంచు? మొదట్లోనా, చివరనా? నా మన్నింపుకు నాలుగింతల తేడా ఆ గోడలోనే ఉంది. వాలుగా ఉన్న గోడను డేటమ్‌గా పెట్టుకోవడం ఊగే బల్ల మీద త్రాసు పెట్టడం వంటిది.

ప్లాస్టిక్‌తో కచ్చితత్వం అసాధ్యమని దీని అర్థం కాదు. పిల్లల లెగో ఇటుకలే సాక్ష్యం. డెన్మార్కులో ఆ సంస్థ 1949లో ఇటుకలు చేయడం మొదలుపెట్టినప్పుడు సెల్యులోజ్ అసిటేట్ వాడింది. అది కాలం గడిచేకొద్దీ ఆకారం మార్చుకునేది. 1958 జనవరి 28న నేటి గొట్టాల అమరికకు పేటెంటు దరఖాస్తు చేశారు. 1963లో ఏబీఎస్‌కు మారారు. పిల్లవాడి వేళ్లతో ఊడదీయగలిగేంత వదులు, కట్టిన ఇల్లు కూలనంత బిగువు. ఇటుకల బుడిపెల నడుమ దూరం 8 మిల్లీమీటర్లయితే, రెండు బుడిపెల వెడల్పు గల ఇటుక 16 కాక 15.8 మాత్రమే ఉంటుంది. పక్కపక్కన పేర్చినప్పుడు ఒరుసుకోకుండా ఆ 0.2 వదిలారు. ఎక్కడ బిగువు కావాలో అక్కడ కఠినంగా, అక్కర్లేని చోట ఉదారంగా ఉన్నారు. అంతటా ±0.1 అని రాసిపారేసిన నావంటివాడికి అది పెద్ద పాఠం.

ప్రమాణాలు రాసేవారికీ ఈ తేడా క్రమంగా తెలిసివచ్చింది. జర్మన్ల డిన్ 16901 ప్లాస్టిక్ రకాన్ని బట్టి మన్నింపులను వర్గాలుగా విడదీసింది. అచ్చు ఒకే సగంలో ఏర్పడే కొలతలు వేరు, అచ్చు రెండు సగాలు కలిసేచోట అడ్డంగా వచ్చే కొలతలు వేరు అని, రెండో రకానికి ఎక్కువ మన్నింపు ఇచ్చింది. దాని చోట 2013లో డిన్ 16742, దాని వెంట 2018లో అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 20457 వచ్చాయి. అమెరికాలో పోత, కమ్మరం వస్తువుల కోసం ఉన్న వై 14.8 ప్రమాణం 2009 కూర్పులో అచ్చుపోసిన భాగాలనూ కలుపుకుంది.

మా డబ్బా మూత ప్రశ్నకు సమాధానం మాత్రం 1990ల మొదట్లో వచ్చింది. 1993 నాటి ఐఎస్‌ఓ 10579, 1994 నాటి వై 14.5 ఒక తేడాను గుర్తుతో సహా స్థిరపరిచాయి. వస్తువు తన మానాన తాను పడి ఉన్నప్పటి స్థితి ఒకటి. బిగించినప్పటి స్థితి మరొకటి. మెత్తని వస్తువును బిగించిన స్థితిలో కొలవవచ్చు. కాని ఎక్కడ, ఏ వరుసలో, ఎంత బలంతో బిగించాలో డ్రాయింగులో రాయాలి. స్వేచ్ఛగా ఉన్నప్పుడు ఎంత వంకరను ఒప్పుకుంటావో కూడా వలయంలో ఎఫ్ అక్షరంతో చెప్పాలి. ఈ చివరి షరతు ముఖ్యం. అది లేకపోతే ఎంతటి వంకరనైనా అదిమి సరిచేశామనవచ్చు. అలా బలవంతాన కూర్చోబెట్టిన ప్లాస్టిక్ మరల చుట్టూ ఒత్తిడి మోస్తూ, కొన్నాళ్లకు పగులుతుంది.

కాబట్టి మా డబ్బా మూత మంచిదే. నాలుగు వేళ్ల బలంతో కూర్చుంటోంది, కూర్చున్నాక నిలుస్తోంది, పగలడం లేదు. దాని పని అదే. నా రెండో విడత మూతలు మాత్రం చెడ్డవే. బిగించాక కూడా అంచు లేచింది. రెండూ వంకరవే. ఒకటి మన్నించదగిన వంకర, రెండోది కాదు. ఆ తేడా చూసి చెప్పడం చేసేవాడి పని కాదు, గీసేవాడి పని.

ఇప్పుడైతే ఆ మూతను ఇలా గీస్తాను. వాలు గోడలను వదిలేసి, అడుగుభాగం మీద ఆనే అంచుతలాన్ని మొదటి డేటమ్ చేస్తాను. ఎదురెదురు మూలల్లోని రెండు రంధ్రాలను రెండో, మూడో డేటమ్‌లు చేస్తాను. మిగిలిన రంధ్రాలకు వృత్తాకారపు స్థాన మన్నింపు, వలయంలో ఎమ్ గుర్తుతో. బయటి ఆకారమంతటికీ కంప్యూటరు నమూనాను ఆధారం చేసుకుని ఒక ప్రొఫైల్ మన్నింపు. కంటికి కనిపించే చోట కొంచెం, కనిపించని చోట ఎక్కువ. అంచుకు చదును ఎంత ఉండాలో స్వేచ్ఛాస్థితిలో ఒకటి, మరలు బిగించాక ఒకటి. గీసే ముందే వెళ్లి, అచ్చు పోసే మనిషిని నీకు ఏది కష్టమని అడుగుతాను. ఆ రోజు ఆయన్ను ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఇంత చరిత్ర చదవకుండానే సగం తెలిసేది.

ఆ లెక్కలన్నీ అర్థమయ్యాక ఒకసారి ఆయన షెడ్డు వెతుక్కుంటూ వెళ్లాను. అక్కడ వేరే ఎవరో వేరే వ్యాపారం చేస్తున్నారు. ఆయన ఎక్కడ ఉన్నారో వారికి తెలియదు. నా మూలంగానే షెడ్డు పోయిందని నేను అనుకోను. రెండు విడతల మూతలతో పోయేంత చిన్నది కాదు. అయినా చెప్పవలసిన మాట ఒకటి నా దగ్గరే ఉండిపోయింది. ఎర్రసిరా గుర్తుతో మొదటి విడత మూత ఒకటి ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. కొత్తగా పనిలో చేరిన పిల్లలకు అడుగుభాగంతో సహా ఇచ్చి బిగించి చూడమంటాను. నాలుగు మరలూ ఎక్కుతాయి. తరువాత డ్రాయింగు చేతికిచ్చి, దీన్ని ఎందుకు తిరస్కరించారో చెప్పమంటాను.

తెలుగులో మన్నించడం అంటే క్షమించడం, గౌరవించడం కూడా. చేతి పనిలో తేడా వస్తుందని ఒప్పుకుని, ఎంతవరకు రావచ్చో ముందే ఆలోచించి రాయడం చేసేవాడిని గౌరవించడమే. ముందు రాయకుండా తరువాత తీర్పు చెప్పడం నేను చేసిన పని. టాలరెన్స్‌కు ఆ మాట ఎంచుకోవడానికి కారణం ఇదీ. ఇంతకంటే మంచి మాట మీలో ఎవరికైనా తడితే చెప్పండి. మరీ పండితుల మాట కాకుండా, షెడ్డులో పనిచేసే మనిషి కూడా వాడుకోదగ్గది అయితే సంతోషం.